సున్నా కిలోమీటర్ల రాష్ట్రం

రాష్ట్రంలో ఎన్ని శాఖలున్నాయో పెద్ద పెద్ద కార్యదర్శులకు కూడా ఒక పట్టాన గుర్తుండదు గానీ, వాటిల్లో మైలురాళ్ల డైరెక్టరేట్ అని ఒకటుంది. రోడ్ల పక్కన పసుపు తలా తెల్ల ఒళ్లూ వేసుకుని నిలబడే రాళ్లున్నాయే, వాటి ఆలనాపాలనా ఈ శాఖదే. రోడ్డు వేసేది ఇంకో శాఖ, గుంతలు పూడ్చవలసింది మరో శాఖ. వీళ్ల పనల్లా ఏ ఊరు ఎంత దూరమో రాళ్ల మీద రాయించడం, మేకలు ఒళ్లు రుద్దుకుని చెరిపేస్తే మళ్లీ రాయించడం. దీన్ని ఏ ఊళ్లో పెట్టాలో తేలక, తాత్కాలికం అంటూ కాకినాడలో ఒక పాత మేడలో పెట్టారు. ఆ తాత్కాలికం మొదలైన నాడు ఉద్యోగంలో చేరిన గుమాస్తాలు రిటైరై మనవల్ని కూడా ఎత్తేశారు.

ఆ మేడ పై అంతస్తులో జూనియర్ అసిస్టెంటు నున్న తాతబ్బాయి. పేరు తాతగారిదే గానీ మనిషికి ముప్పై నిండలేదు. ఒళ్లు మాత్రం భారీ. అతను మెట్లెక్కుతుంటే కింద తపాలు సెక్షన్లో టీ గ్లాసులు చప్పుడు చేసేవి. ఎవరు ఆటపట్టించినా నవ్వేసి ఊరుకునే రకం. అతనికున్న బాధల్లా భార్య లోవకుమారి. అంటే భార్య బాధని కాదు, ఆవిడ దూరంగా ఉండటం బాధ. ఆవిడా ఇదే శాఖలో మదనపల్లె డివిజన్ ఆఫీసులో టైపిస్టు. ఈయన రాష్ట్రానికి ఈ కొస, ఆవిడ ఆ కొస. మధ్యలో రాత్రంతా రైలు, ఆపైన పొద్దెక్కేదాకా బస్సు. పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్లు కలిసి కాపురం చేసినదానికన్నా వెయిటింగ్ లిస్టు చూసుకున్నదే ఎక్కువ.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకే ఊళ్లో వెయ్యాలని సర్కారువారి నియమం ఒకటుంది. స్పౌజు కేసు అంటారు దాన్ని. ఆ నియమం పట్టుకుని తాతబ్బాయి తనను మదనపల్లె వెయ్యమని అర్జీ పెట్టాడు. అది ఆఫీసులో ఉన్న అన్ని బల్లల మీదా పడుకుని లేచి, డైరెక్టరుగారి సంతకం ఒక్కటి మిగిలేసరికి లోవకుమారికి నెల తప్పింది. మదనపల్లె డాక్టరమ్మ పరీక్ష చేసి, రక్తం తక్కువుంది, ప్రయాణాలు పనికిరావు, సెలవు పెట్టి పడుకో, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి అంది. ఆవిడకి తల్లి లేదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, గుమ్మం దిగడమే గగనం. కనిపెట్టుకోవలసింది తాతబ్బాయే. సంతకం పడితే వెళ్తాడు, పడకపోతే లేదు.

సరిగ్గా ఆ సంతకం పెట్టవలసిన రోజున డైరెక్టరు పరాంకుశం గారు అరకులో ఉన్నతాధికారుల మేధోవికాస శిక్షణకు వెళ్లారు.

ఈ పరాంకుశం గారితో చిక్కేమిటంటే, ఏ శిక్షణకు వెళ్లొచ్చినా ఆ జ్వరం ఆఫీసంతటికీ అంటించేవారు. యోగా శిక్షణ నుంచి వచ్చినప్పుడు కుర్చీలు తీయించి అందరిచేతా నేలమీద కూర్చుని ఫైళ్లు రాయించారు. బల్ల శుభ్రంగా ఉంటే బుర్ర శుభ్రంగా ఉంటుందని ఇంకో శిక్షణలో చెబితే బల్లల మీద కాగితం కనపడకూడదన్నారు. గుమాస్తాలు ఫైళ్లు తీసుకెళ్లి స్నానాలగదిలో దాచుకున్నారు. ఈసారి అరకులో వారికి తగిలింది భౌతికశాస్త్రం.

అక్కడ పాఠం చెప్పిన ప్రొఫెసరు పాపం మంచివాడే. స్థలం, కాలం అనేవి ప్రకృతికి అట్టడుగు పునాది కాకపోవచ్చనీ, ఇంకా లోతైనదేదో ఉండి దాన్నుంచి అవి పుట్టుకొచ్చి ఉండవచ్చనీ కొందరు శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారనీ, ఇంకా ఏదీ తేలలేదనీ చెప్పాడు. కానీ అది భోజనాల తర్వాత పాఠం. కొందరు, ఉండవచ్చు, తేలలేదు అన్న మాటలు వచ్చేటప్పుడు పరాంకుశం గారికి కునుకు పట్టింది. మెలకువ వచ్చి చూస్తే తెర మీద, స్థలకాలాలు భ్రమేనా అన్న ప్రశ్న పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన సర్వీసంతా ప్రశ్నలు ఆడిట్ వాళ్ల నుంచి తప్ప వినలేదు. అందుకని దాన్ని జవాబుగానే పుచ్చుకుని కాకినాడ దిగారు.

దిగగానే మీటింగు. ఉద్యోగులందరి ఎదుటా ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, మానవజాతి ఇంతకాలం లేనిదాన్ని కొలుస్తూ వచ్చిందనీ, ఆ పొరపాటులో మన శాఖ వహించిన పాత్ర తక్కువేమీ కాదనీ, ఇకమీదట దేశంలోనే తొలిసారిగా శాస్త్రబద్ధమైన పరిపాలన అందిస్తామనీ ప్రసంగించారు. ఆఫీసులో బీయస్సీ ఫిజిక్సు చదివినవాడు తాతబ్బాయి ఒక్కడే కనక, సర్క్యులర్ రాసే భారం అతని మీద పడింది. తాతబ్బాయి నసుగుతూనే ఒక మాట చెప్పిచూశాడు.

"అది కాదండి. ఒక్క నీటి అణువుని పట్టుకుని చూస్తే తడి అనేది ఉండదండి. బోల్డన్ని కలిస్తేనే తడి. అలాగని గోదాట్లో దూకితే తడవకుండా ఉంటామా అండి?"

పరాంకుశం గారు అతన్ని జాలిగా చూశారు. "బీయస్సీ సెకండ్ క్లాసా?"

"ఆయ్, అవునండి."

"అందుకే" అని ఆయన తరవాతి అంశానికి వెళ్లిపోయారు.

మొదటి సర్క్యులర్ కాలం మీద. కాలము భ్రమయని శాస్త్రము నిగ్గు తేల్చినందున, విలంబమనునది అర్జీదారుల దృష్టిదోషముగా పరిగణించవలెనని తాతబ్బాయి చేతే రాయించారు. ఫైలు పట్టుకెళ్తే ఆయన కలం ఎత్తి, ఆగి, గోడ మీది పంచాంగం క్యాలెండరు వంక చూశారు. వర్జ్యం ఎప్పటిదాకా ఉందని సూపరింటెండెంటు సీతామహాలక్ష్మి గారిని అడిగారు. ఇంకా ఉందని ఆవిడ చెప్పింది. సరేనని అందరూ నిలబడ్డారు. కాలం లేదన్న సర్క్యులర్ మీద, వర్జ్యం వెళ్లి మంచి గడియ వచ్చాక, శుభమా అంటూ సంతకం పడింది.

ఆ దెబ్బతో పెండింగు ఫైళ్లు ఒక్క పూటలో మాయమయ్యాయి. ఏ ఫైలైనా ఆలస్యమవడానికి కాలం ఉండాలి కదా, అది లేదు కనక అన్నీ పరిష్కారమైనట్టే లెక్క. ఈ ఘనతకి పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. గుమాస్తాలు కూడా మొదట్లో సంబరపడ్డారు, ఎప్పుడొచ్చినా ఎవరూ అడగరు కదా అని. తీరా సాయంత్రం సంచులు సర్దుకుంటుంటే, సాయంత్రమనేది లేదు గదా ఎక్కడికి బయల్దేరారు అని డైరెక్టరు గారు నిలదీశారు. అప్పుడు తెలిసొచ్చింది. క్యాంటీన్ సూరన్న మాత్రం ఆ సర్క్యులర్ ఒక కాపీ అడిగి పట్టుకెళ్లి గోడకు అంటించుకున్నాడు. వడ నిన్నటిదిలా ఉందేమిటని ఎవరైనా అడిగితే అటు వేలు చూపించేవాడు.

రెండో సర్క్యులర్ స్థలం మీద. దూరమనేదే లేనప్పుడు రాళ్ల మీద అంకెలు రాయించడం ప్రజల్ని మోసగించడమే అవుతుందని పరాంకుశం గారి మనస్సాక్షి ఒప్పుకోలేదు. రాష్ట్రంలో ప్రతి మైలురాయి మీదా ఊరి పేరు ఉంచి అంకె చెరిపేసి సున్నా పెట్టమన్నారు. రంగు డబ్బాలతో మనుషులు నాలుగు దిక్కులకీ బయల్దేరారు. తుని సున్నా, తాడేపల్లిగూడెం సున్నా, అనంతపురం సున్నా. లారీ డ్రైవర్లు ప్రతి రాయి దగ్గరా వచ్చేశామనుకుని దిగి, మళ్లీ ఎక్కడం మొదలెట్టారు. ఒక పెళ్లివారి బస్సు ఎక్కడో వేరే పెళ్లిలో దిగి, పనసపొట్టు కూరా బూరెలూ కడుపారా తిని, తాంబూలాలు అందుకుంటుండగా పెళ్లికొడుకుని చూసి గతుక్కుమంది. ఎవరు ఏమనుకున్నా రియల్ ఎస్టేటు వాళ్లు మాత్రం డైరెక్టరు గారికి శాలువా కప్పారు. మా ప్లాట్లు హైవేకి సున్నా, విమానాశ్రయానికి సున్నా, సముద్రానికి సున్నా అని వాళ్లు బోర్డులు పెట్టారు. వాళ్ల బోర్డులు ప్రభుత్వ లెక్కతో సరిపోవడం అదే మొదలు.

ఇదంతా చూసి నవ్వుకోవలసిన తాతబ్బాయి నవ్వుకోలేకపోయాడు. ఎందుకంటే అతని స్పౌజు అర్జీ తిరిగొచ్చింది. దానిమీద డైరెక్టరు గారు స్వహస్తాలతో రాశారు. దంపతుల నడుమ దూరము శాస్త్రరీత్యా లేనందున, వారు ఒకేచోట కాపురముంటున్నట్లు భావించడమైనది, అర్జీ పరిష్కృతము. పోనీ సెలవైనా ఇమ్మని ఇంకో కాగితం పెట్టుకుంటే అదీ తిరిగొచ్చింది. అర్జీదారు తాను వెళ్లగోరిన చోటనే ఇప్పటికే ఉన్నందున సెలవు అనవసరమట.

తాతబ్బాయి సంగతి లోవకుమారికి ఫోనులో చెప్పాడు. ఆవిడ మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద అద్దెకుంటుంది. ఇంటివాళ్లు అరుగు రోడ్డు దాకా పెంచుకుంటూ వచ్చి, దారిలో ఉన్న మైలురాయిని కూడా కలిపేసుకుని కట్టేశారు. ఆ రాయి మీద తిరుపతి ఎంత దూరమో ఉండేది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని అది చూస్తూ, ముందు ఇంత దాటితే ఆ తర్వాత రైలే కదా అనుకునేదట. "మొన్న మనవాళ్లే వచ్చి సున్నా పెట్టిపోయారండి. రాయి మీద దూరం పోయింది, మీరు మాత్రం రాలేదు" అంది.

మర్నాడు తాతబ్బాయి ధైర్యం చేసి డైరెక్టరు గారి గదిలోకి వెళ్లాడు. పురుటికి ఇంకా నెలలున్నాయనీ, మనిషి నీరసంగా ఉందనీ, పక్కన మంచినీళ్లిచ్చే దిక్కు లేదనీ చెప్పుకున్నాడు. పరాంకుశం గారు ఆదరంగా విన్నారు.

"చూడవయ్యా, జరిగినదీ జరగబోయేదీ అన్నీ ఒకేసారి ఉన్నాయని సైన్సు ఘోషిస్తోంది. ఆ లెక్కన నీకు బిడ్డ పుట్టేశాడు. తల్లీబిడ్డా క్షేమం. శుభాకాంక్షలు. ఇంతకీ స్వీట్లేవి?"

తాతబ్బాయి వెళ్లి కాజాలు తెచ్చాడు. డైరెక్టరు గారు రెండు తిన్నారు. ఎవడో ఉత్సాహవంతుడు కాజాల పొట్లాన్నీ తాతబ్బాయినీ ఫొటో తీసి, తాతబ్బాయికి పుత్రోదయం అని శాఖ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. ఆ గ్రూపులో లోవకుమారి కూడా ఉంది. ఫోను వెంటనే మోగింది.

"కడుపులో ఉన్నదానికి పురుటి కాజాలు పంచుతారండీ ఎవరైనా? దిష్టి తగలదూ? పొద్దున్న కళ్లు తిరిగి పడబోతే గోడ పట్టుకున్నాను. గోడ ఉంది గనక సరిపోయింది. అది కూడా లేదంటారేమో మీ డైరెక్టరు గారు." ఆపైన ఏడుపు. తాతబ్బాయి మేడ మెట్ల మీద కూర్చుండిపోయాడు. అంత మనిషి, పిల్లాడిలా కళ్లు తుడుచుకున్నాడు.

సీతామహాలక్ష్మి గారు అటుగా వచ్చి చూసింది. ఆవిడ ఈ ఆఫీసులో చాలామంది డైరెక్టర్లని చూసింది. ఎవరి జ్వరం ఎన్నాళ్లుంటుందో ఆవిడకి తెలుసు. ఊరడింపు మాటలేమీ చెప్పకుండా, లోపల బీరువాలు లాగుతున్న చప్పుడు వింటున్నావా అని అడిగింది. నిజమే, లోపల నలుగురు ప్యూన్లు చెమటలు కక్కుతూ ఇనప బీరువాలు ఒక మూలకి తోస్తున్నారు. వాస్తు గంగరాజు గారు చెప్పారట, నైరుతి మూల బరువు లేకపోతే డైరెక్టరు గారికి ప్రమోషను ఆగిపోతుందని. వారం కిందట ఆయన కుర్చీ తూర్పుకి తిరిగిందీ, నిన్న తలుపు ఒకటి ఇటుకలతో మూసేసిందీ అందుకే.

తాతబ్బాయి తెల్లబోయాడు. స్థలమే లేదన్నారు కదా మేడం అన్నాడు.

"స్థలం లేదన్నారు బాబూ. నైరుతి లేదనలేదు" అందావిడ.

తాతబ్బాయి ఆ మెట్ల మీదే ఇంకాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, మిగిలిన కాజాల పొట్లం పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, నేరుగా గంగరాజు గారింటికి వెళ్లాడు.

గంగరాజు గారు ఒకప్పుడు ఇటుకల వ్యాపారి. ఇటుకలు అమ్ముడుపోకపోయేసరికి కట్టిన గోడలు పడగొట్టించే విద్య నేర్చుకుని వాస్తులో స్థిరపడ్డాడు. మనిషి ఆ రోజుల్లో లోలోపల బెంగగా ఉన్నాడు. స్థలం భ్రమ అని సర్కారే చాటింపు వేయిస్తుంటే దిక్కులు ఏమైపోవాలి, దిక్కులు పోతే తన గతేమిటి? తాతబ్బాయి కూర్చుని, తన గోడంతా చెప్పుకుని, చివర్లో ఒకే ఒక్క సందేహం అడిగాడు. రాష్ట్ర డైరెక్టరేట్ కదండీ, వాస్తు ఈ గది వరకే చూస్తే సరిపోతుందా, రాష్ట్రం మొత్తం చూడాలా? గంగరాజు గారు కళ్లు మూసుకుని ఆలోచించాడు. కళ్లు తెరిచేసరికి వాటిలో వెలుగొచ్చింది. గది స్థాయి నుంచి రాష్ట్రం స్థాయికి ఎదగడమంటే ఏ వాస్తు పండితుడికైనా మాటలా? కాజాలు ఏమైనా మిగిలాయా అని అడిగి, రెండు చేతులా తిని, పని అయిపోయిందనుకోమన్నాడు.

రెండు రోజుల్లో డైరెక్టరు గారి బల్ల మీద రాష్ట్రం పటం పరిచి ఉంది. గంగరాజు గారు దానిమీద దర్భపుల్లతో చూపిస్తూ చెప్పాడు. కాకినాడకి తూర్పున సముద్రం, జలం ఉండవలసిన చోటే ఉంది, భేష్. కానీ ఇక్కణ్ణుంచి పుల్ల వాలుగా కిందికి జరిపితే నైరుతి మూలలో మదనపల్లె డివిజన్ ఆఫీసు. అక్కడున్నవాళ్లంతా గాలేస్తే ఎగిరిపోయే మనుషులు. వాళ్లలో ఒకావిడ సెలవులో కూడా ఉంది. రాష్ట్రం నైరుతి తేలిపోయి ఉంటే శాఖాధిపతి కుర్చీ నిలవడం కష్టం. పరాంకుశం గారి మొహం పాలిపోయింది. బీరువాలు పంపిద్దామా అన్నారు. జడమైన బరువు పనికిరాదనీ, ప్రాణమున్న బరువు కావాలనీ, శాఖలో ఉద్యోగే అయి ఉండాలనీ గంగరాజు గారు సెలవిచ్చాడు.

అప్పుడే తాతబ్బాయి ఏదో ఫైలు పట్టుకుని గదిలోకి వచ్చాడు. నేల పలకలు కిర్రుమన్నాయి. డైరెక్టరు గారు అతన్ని పైనుంచి కిందికి, ఇటునుంచి అటు, మొదటిసారి మనసు పెట్టి చూశారు.

"ఎంత ఉంటావయ్యా?"

"ఎప్పుడూ తూచుకోలేదండి."

తపాలు సెక్షన్లో పార్సెళ్ల కాటా ఉంది. దానిమీద నిలబెడితే ముల్లు నూరు దాటి, ఆయాసపడుతూ ఇంకొంచెం ముందుకెళ్లి ఆగింది. పరాంకుశం గారు తృప్తిగా నిట్టూర్చారు. ఇంత విలువైన మనిషి తన ఆఫీసులో ఉన్నాడని ఎవరూ చెప్పనందుకు సీతామహాలక్ష్మి గారిని కోప్పడ్డారు కూడా. ఆవిడ తల వంచుకుని నవ్వు దాచుకుంది. ఉత్తర్వు ఆ పూటే తయారైంది. పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా, నైరుతి దిశ పటిష్ఠత నిమిత్తము, శ్రీ నున్న తాతబ్బాయిని మదనపల్లెకు బదిలీ చేయడమైనది. ఎల్లుండి ఉదయం వర్జ్యం రాకముందే ఆయన అక్కడ ఆసీనులు కావలెను. సదరు ఉద్యోగి తన బరువును ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గించుకొనరాదు.

తాతబ్బాయి ఉండబట్టలేక, ఇలా దిక్కులూ గడియలూ చూస్తే మన సర్క్యులర్లకి ఇబ్బంది కాదాండీ అని అడిగాడు. పరాంకుశం గారు చిన్నబుచ్చుకోలేదు. "స్థలం భ్రమేనయ్యా. నైరుతి స్థలం కాదు, శక్తి. కాలం భ్రమే. వర్జ్యం కాలం కాదు, హెచ్చరిక. సెకండ్ క్లాసు వాళ్లకి ఈ సూక్ష్మం అందదు" అన్నారు. తాతబ్బాయి అందలేదనే ఒప్పుకుని దణ్ణం పెట్టి వచ్చేశాడు.

రాత్రంతా రైలు. తిరుపతిలో దిగి బస్సెక్కితే కిటికీలోంచి రాళ్లు కనపడటం మొదలెట్టాయి. మదనపల్లె సున్నా. కొండ దాటాక మదనపల్లె సున్నా. ఏదో ఊళ్లో టీలకు ఆపినచోటా సున్నాయే. అన్నీ తన చేత్తో రాసిన సర్క్యులర్ పుణ్యమే కనక ఎవరినీ తిట్టడానికి లేదు. ఇంకెంత దూరం అని కండక్టరును అడిగితే, ఆయన విసుగ్గా రాయి వైపు చూపించాడు. సున్నా దూరం ఎంతకీ తరగదేం అని తాతబ్బాయికి ప్రాణం విసిగిపోయింది.

పుంగనూరు రోడ్డులో బస్సు దిగేసరికి పొద్దెక్కింది. లోవకుమారి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి చిక్కిపోయింది, కళ్ల కింద నల్లబడింది. అతన్ని చూసి లేవబోతే, వద్దు వద్దంటూ పరుగున వెళ్లి పక్కనే కూలబడ్డాడు. అరుగు ఒకసారి అదిరింది. ఆవిడ అతని చెయ్యి తీసుకుని రెండు చేతుల్లోనూ పెట్టుకుంది. అంతలో ఫోను మోగింది. డైరెక్టరు గారు.

"వర్జ్యం వచ్చేస్తోందయ్యా. ఆసీనుడివయ్యావా లేదా?"

"అయ్యానండి. ఇప్పుడే కూర్చున్నాను."

"ఆఫీసులోనేనా?"

తాతబ్బాయి పక్కకి చూశాడు. అరుగులో కలిసిపోయిన మైలురాయి మోచేతికి తగులుతోంది. "ఆఫీసుకీ నాకూ మధ్య సున్నా కిలోమీటర్లండి. రాయి మీద మనమే రాయించాం."

పరాంకుశం గారు, సరే సరే, మధ్యాహ్నం దాకా అక్కణ్ణుంచి లేవకు, బరువు కదలకూడదు అని ఫోను పెట్టేశారు.

ఎవరండీ అని లోవకుమారి అడిగింది. మధ్యాహ్నం దాకా ఇక్కణ్ణుంచి కదలొద్దని సర్కారువారి ఉత్తర్వు అన్నాడు తాతబ్బాయి. ఎన్నాళ్లకో ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే అతని భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. తాతబ్బాయి కదలకుండా కూర్చుని, రాయి మీద మెరుస్తున్న సున్నాని చూశాడు. శాఖవారు రాష్ట్రమంతటా రాయించిన సున్నాల్లో సరిగ్గా లెక్క కుదిరింది ఆ ఒక్కటే.